కోట తలుపు

కరీంనగరమునకు సమీపమున, మానేటి తీరమున ఎలగందుల కోట కలదు. కొండను చుట్టుకొనిన గోడలును, దిగువనున్న అగడ్తయు నేటికిని చూపరులకు కానవచ్చును. శత్రువు అగడ్తను దాటినను గోడ అడ్డగింపవలెననియు, గోడ నెక్కినను బురుజుపై కావలివాడు చూడవలెననియు పూర్వులు ఒక రక్షణకు వెనుక మరియొక రక్షణ నేర్పరచిరి. కాని తలుపు తెరచుకొన్నచో ఎంతటి కోటయు నిలువదు. ఔరంగజేబు గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించియు గోడలను జయింపలేకపోయెను. తుదకు 1687వ సంవత్సరమున లోపలివాడొకడు ద్రోహబుద్ధితో తలుపు తెరపింపగా మొగలు సేన కోటలో ప్రవేశించెను.

నేటి కంప్యూటరును, చేతిలోని ఫోనును అట్టి కోటలే. మన ధనమును, ఉత్తరములును, రహస్యములును అందు దాగియున్నవి. అయితే ఈ కోట తలుపు తెరచువాడు ద్రోహి కాడు, మోసపోయిన అమాయకుడు.

2000వ సంవత్సరము మే 4వ తేదీన ఫిలిప్పీన్సు దేశమునుండి ఒక ఈ-మెయిలు బయలుదేరెను. దానికి తగిలించిన పత్రము ప్రేమలేఖయని పేరు పెట్టబడినది. వేడుకతో దానిని తెరచిన వారి కంప్యూటరులో వైరస్ ప్రవేశించి, అచటి పత్రములను పాడుచేసి, వారి చిరునామా పుస్తకములోని వారందరికిని తానే ఉత్తరములు పంపెను. ఎరిగినవారి పేరుతో వచ్చుటచే ఎవరును శంకింపలేదు. కొలది దినములలోనే లక్షలకొలది కంప్యూటర్లు దాని వాతబడెను.

ఇట్టి వైరస్‌లను పట్టుటకు నిపుణులు రక్షక ప్రోగ్రాములను నిర్మించిరి. ఇవి మొదట పోలీసులు పాతదొంగలను ఆనవాళ్ళతో గుర్తించునట్లు, తెలిసిన వైరస్‌లను మాత్రమే గుర్తించెడివి. దొంగలు వేషము మార్చిరి. అంత రక్షకులు వేషమునుగాక నడవడిని కనిపెట్టుట నేర్చిరి. ఉత్తరము తాను చెప్పుకొన్న చోటినుండియే వచ్చినదా యని పరీక్షించు పద్ధతులును ఏర్పడినవి. పాస్‌వర్డు చాలదని ఓటీపీ అను రెండవ తాళము వచ్చినది.

అయినను ఒక్కొక్కప్పుడు శత్రువు లోన ప్రవేశించును. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లను ఒక దుష్ట ప్రోగ్రాము బంధించెను. విడుదలకు దొంగలు ధనము కోరిరి. సమాచారమునకు వేరొకచోట ప్రతులు భద్రపరచియుండుటచే ఆ సంస్థలు మరల పని సాగింపగలిగెను. ధాన్యమంతయు ఒకే గాదెలో నుంచరాదని రైతు ఎరిగిన నీతియే ఇది.

తాళములు బలపడినకొలది దొంగలు తాళమును విడిచి, తాళపుచెవి గలవానినే ఆశ్రయించిరి. దీనినే ఫిషింగ్ అందురు. అనగా గాలము వేయుట. ఈ-మెయిలుతో మొదలైన ఈ మోసము ఫోను సందేశములకును ప్రాకినది. 2022 ప్రాంతమున దేశమందు పలుచోట్ల, “బిల్లు చెల్లింపలేదు; ఈ రాత్రి మీ కరెంటు నిలిపివేయబడును” అను దొంగ సందేశములు వచ్చినవి. భయపడి అందలి నంబరునకు ఫోను చేసినవారు మాటలకు లొంగి తమ ఖాతాలలోని సొమ్ము పోగొట్టుకొనిరి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములనుండి గల్ఫు దేశములకు వలసపోవువారు అనేకులు. అట్టి యింటివారికి వీసా, ఉద్యోగము అను ఆశయే ఎర. ఎండలో సంవత్సరములు శ్రమించి కూడబెట్టిన సొమ్ము ఒక్క లింకును తాకుటచే నిమిషములో పోవచ్చును.

భయము, ఆశ, తొందర - ఈ మూడింటిలో ఒకటైనను లేని ఎర అరుదు. కావున తొందరపెట్టు సందేశము వచ్చినచో నిలిచి ఆలోచింపవలెను. అందలి నంబరునకుగాక, బిల్లుపైనో, బ్యాంకు పుస్తకముపైనో ఉన్న నంబరునకు ఫోను చేసి విచారింపవలెను. ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను. ఆలస్యము కాకున్నచో సొమ్ము దొంగకు చేరకమునుపే బ్యాంకులో నిలుపుదల చేయుట కవకాశము కలదు.

అనేక గృహములలో పెద్దలకు ఫోను క్రొత్త. దానిలో వచ్చిన సందేశమును చదివి చెప్పువారు పిల్లలే. ఆ యింటి కోటకు తలుపు కాయు భారము చదువుకొన్న బాలబాలికలదే. తెరచుటకు ముందు, వచ్చినవాడెవడని ఒక్కసారి అడుగుట వారి ధర్మము.