చౌడు మడిలో వరి మొక్క ఉప్పును అడ్డుకొను విధము

చౌడునకు ఓర్చు వరి రకమును, ఓర్వని రకమును ఒకే మడిలో ప్రక్కప్రక్కన నాటి చూడుడు. రెంటికిని అదే నేల, అదే నీరు, అదే ఎరువు. కొలది దినములలో ఒకదాని ఆకులు కొనలనుండి తెల్లబడి ఎండును; రెండవది పచ్చగా నిలుచును. ఈ తేడా ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొన్నచో రైతు విత్తనమును, మడిని బాగుచేయు పద్ధతిని సరిగా ఎన్నుకొనగలడు.

మొక్క శరీరమంతయు కంటికి కనపడని కణములతో ఏర్పడినది. ప్రతి కణము చుట్టును సన్నని క్రొవ్వుపొర యుండును. ఉప్పులోని సోడియము ఈ పొరను తనంతట దాటజాలదు. పొరలో ఇమిడియున్న కొన్ని మాంసకృత్తులే దానికి ద్వారములు. కణములన్నిటికిని ఒకే విధమైన ద్వారములుండవు. ఏ ద్వారము ఏ కణమునకున్నది అనుదానినిబట్టి మొక్కకు మేలో కీడో కలుగును.

వరిలో హెచ్.కె.టి. అను మాంసకృత్తుల కుటుంబము గలదు. అందు 2;1 అను సంఖ్యగలది వేరుపొరల కణములలో నుండును. పొటాషు చాలని వేళ ఇది నేలలోని సోడియమును వేరులోనికి తెచ్చి, పొటాషుకు బదులుగా కొంతవరకు ఉపయోగపడునట్లు చేయును. నేలలో ఉప్పు హెచ్చినచో మొక్కయే ఈ ద్వారమును తగ్గించుకొనును.

దీని దాయాదియైన 1;5, వేరు నడుమ నీటిని పైకి మోయు నాళములను ఆనియున్న కణములలో నుండును. నాళములో పోవు నీటినుండి ఇది సోడియమును ఆ కణములలోనికి లాగుకొనును. అందువలన ఆకునకు చేరు ఉప్పు తగ్గును. కుటుంబ మొకటే, మోయు సరకును ఒకటే. నిలిచిన చోటు వేరగుటచే ఫలితము వేరైనది.

చౌడునకు ఓర్చు మన దేశపు నోనా బొక్రా రకమును, ఓర్వని జపాను రకము కోషిహికారితో సంకరపరచి చేసిన పరిశోధన 2005లో వెలువడినది. ఈ రెండవ ద్వారమే ఆ ఓర్పునకు ఒక కారణమని అందు తేలినది. రెండు రకముల ద్వారములకును గల భేదము నాలుగు అమైనో ఆమ్లములు మాత్రమే.

అయితే ఈ కాపలాకు హద్దు గలదు. నేలలో ఉప్పు మితిమీరినచో కొంత ఆకునకు చేరక మానదు. చేరినది క్రిందికి దిగుట మిక్కిలి తక్కువ. ఎక్కువకాలము నీటిని ఆవిరి చేసిన ముదురాకులలో అది పేరుకొనును. కావుననే అవి ముందుగా ఎండును.

రైతులు గమనింపవలసిన విషయములు:

1. ముందుగా మట్టి పరీక్ష చేయించవలెను. విద్యుద్వాహకత మీటరునకు 4 డెసిసైమన్లు మించినచో అది పాలచౌడు. పి.హెచ్. 8.5 మించి, మార్పిడి సోడియము 15 శాతము దాటినచో కారుచౌడు.

2. పాలచౌడు మడిలో మంచినీరు నిలిపి, ఉప్పును కరగించి మురుగుకాలువ ద్వారా తీసివేయవలెను. కారుచౌడునకు ముందుగా పరీక్షలో చెప్పిన మోతాదున జిప్సము వేసి, పిదప నీరు పెట్టి తీయవలెను. జిప్సములోని కాల్షియము మట్టిని పట్టుకొనియున్న సోడియమును విడిపించును.

3. సమీప పరిశోధన కేంద్రమువారు మీ ప్రాంతమునకు సిఫారసు చేసిన చౌడును ఓర్చు రకమునే నాటవలెను.

4. లేతనారు దశయందును, పూత దశయందును వరి ఉప్పునకు త్వరగా లొంగును. కావున కొంత ముదురు నారును, కుదురునకు మొక్కలు ఎక్కువగా పెట్టి నాటవలెను. మంచినీరు కొరతగా నున్నచో పూత దశకు మిగుల్చుకొనవలెను.

5. పొటాషు మోతాదు తగ్గింపరాదు. ఆకులు ఎండుచున్నవని యూరియా గుప్పించినచో ఖర్చేగాని ఉప్పు తగ్గదు.

మంచి రకము ఉప్పును కొంతవరకే ఆపగలదు. మిగిలిన ఉప్పును మడినుండి బయటికి పంపు బాధ్యత రైతుదే. మురుగుకాలువ లేని మడిలో ఎంత ఓర్పుగల రకము వేసినను కొన్ని పంటలకే ఫలితము క్షీణించును.