పాటకు కర్త – కర్తకు అండ

ఖమ్మము నుండి భద్రాచలమునకు పోవు త్రోవలో పొలములు తగ్గి అడవులు హెచ్చును. ఈ సీమ పాటలకు పుట్టినిల్లు. నేలకొండపల్లి వాస్తవ్యుడైన కంచర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండి, భద్రగిరిపై రామాలయమును నిర్మించి, ఆ కారణమున గోలకొండ చెరసాలలో పెక్కు బాధల ననుభవించెను. అతడే భక్త రామదాసు. అతడు తన కీర్తనలలో తన పేరును ముద్రగా నిలిపెను. ఆనాడు కవికి చట్టము లేదు; ముద్రయే రక్షణ. అది కవి పేరును కాపాడెను గాని, జీవనమును కాపాడజాలకపోయెను.

విత్తినవానికి పంటలో పాలుండుట న్యాయము. ఆ న్యాయమే రచయితకును వర్తించును. దానినే గ్రంథస్వామ్యము, లేక కాపీరైటు అందురు. మన దేశమున ఇందుకై 1957లో చట్టము చేయబడెను. ఇప్పటి నియమము ననుసరించి రచయిత జీవించినంతకాలమును, అటుపిమ్మట 60 సంవత్సరములును ఈ హక్కు నిలుచును. చిన్నగూడూరులో జన్మించి, ఖమ్మములో విద్య నభ్యసించి, చలనచిత్రములకును మధురగీతములు రచించిన దాశరథి కృష్ణమాచార్యులు 1987లో మరణించెను. కావున ఆయన గీతరచనలపై ఈ హక్కు 2047 చివరివరకు నుండును. అంతేకాక, రచయిత తన హక్కును ఇతరులకు విక్రయించినను, ఆ రచన తనదని చెప్పుకొను అధికారము మాత్రము అతనిని వీడిపోదు. రామదాసు ముద్రలోని ధర్మమునే చట్టమును అంగీకరించినది.

అయితే చట్టమున్నంత మాత్రమున ఫలము చేతికందునా? ఒక పాట కొత్తగూడెములోని హోటలులో మ్రోగును. అదే పాటను దూరమున నొక రేడియో కేంద్రము ప్రసారము చేయును. ఒంటరియైన కవి ఊరూర తిరిగి లెక్క లడుగగలడా? అందుచేతనే రచయితలు సంఘములుగా ఏర్పడిరి. 1884లో వాల్టర్ బెసంట్ అను ఆంగ్ల నవలాకారుడు లండను నగరమున రచయితల సంఘమును స్థాపించెను. మహాకవి టెన్నిసన్ దానికి తొలి అధ్యక్షుడు. మన దేశమున 1969లో ఐపీఆర్ఎస్ అను సంఘము వెలసెను. గీతరచయితలు, సంగీతకర్తలు, సంగీత ప్రచురణకర్తలు ఇందలి సభ్యులు. పాటను వాడుకొను సంస్థల నుండి రుసుము రాబట్టి, సభ్యులకు పంచుట దీని పని.

ఇట్టి సంఘమునకు ప్రాణము నాయకులే. కంచెయే చేను మేసినచో కాపాడువా రెవరు? పాటలను కొనుగోలు చేసినవారే పెత్తనము వహించినచో, పాట కట్టినవాని పాలు తరిగిపోవు నను భయము కలదు. కావుననే 2012లో చట్టమును సవరించిరి. సంఘపు పాలకవర్గములో రచయితలును, హక్కుదారులును సమసంఖ్యలో నుండవలెననియు, పంపకములో భేదము చూపరాదనియు నియమించిరి. సినిమాహాలు వెలుపల తన పాట వాడబడినప్పుడు రావలసిన పాలును కవి వదలుకొనుటకు వీలులేకుండ చేసిరి. ఈ సవరణకై రాజ్యసభలో వాదించిన కవి జావేద్ అఖ్తర్ తరువాత ఐపీఆర్ఎస్ అధ్యక్షు డయ్యెను.

ఇక అడవిలోని పాట మాటేమి? మణుగూరు మండలమందలి కూనవరము నివాసి సకిని రామచంద్రయ్య డోలి వాయించుచు, సమ్మక్క సారలమ్మల కథను గానము చేసెడివాడు. 2022లో పద్మశ్రీ పొంది, 2024లో స్వర్గస్థుడయ్యెను. తరతరములుగా నోటినుండి నోటికి వచ్చిన ఆ కోయగాథలకు కర్త యొక్కడు కాడు. కావున రచయితకు చెప్పిన గడువు వానికి సరిపడదు. కాని పాడిన గాయకునికి తన గానముపై 50 సంవత్సరముల హక్కును చట్టమే యిచ్చినది. అతని సమ్మతి లేక దానిని రికార్డు చేసి విక్రయించుట తగదు. తెలిసి అడుగువాడును, అడిగినప్పుడు తోడు నిలుచువారును ఉన్ననాడే ఆ హక్కు ఫలించును.

విద్యార్థులారా! ఒక పద్యమును వ్రాసికొన్నప్పుడు దానిక్రింద కవి పేరు వ్రాయుడు. ఒక పెద్దయొద్ద పాట నేర్చినప్పుడు ఆ పెద్ద పేరు చెప్పుడు. రేపు మీలో నెవరైన సంఘనాయకులైనచో, నగరవాసియైన ప్రసిద్ధకవికిని, అడవిపల్లె గాయకునికిని ఒకే త్రాసున లెక్క తూచుడు.