గ్లెన్‌కోలో అమ్మానాన్నల నడక

ప్రశ్న: గ్లాస్గోలో ఉంటున్నాం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. గ్లెన్‌కో లోయలో వాళ్లు నడవగలిగే దారి ఉందా?

జవాబు: ఉంది. గ్లెన్‌కో ఊరి పక్కనే ఉన్న లోఖన్, అంటే చిన్న చెరువు, చుట్టూ తిప్పండి. దూరం సుమారు కిలోమీటరు, దారి దాదాపు చదును. అరిగిన మోకాళ్లను ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధిస్తుంది. ఇక్కడ ఆ దిగుడు దాదాపు లేదు. నీళ్లు చాలావరకు కళ్ల ముందే ఉంటాయి కనుక దారి తప్పే భయమూ తక్కువే. ‘అది మనుషులు తవ్వించిన చెరువు, అసలైన లోయ కాదు’ అని కొందరంటారు. నిజమే. కెనడాలో సంపాదించిన లార్డ్ స్ట్రాత్‌కోనా, ఆ దేశం మీద బెంగపెట్టుకున్న భార్య ఇసబెల్లా కోసం 1890ల్లో ఉత్తర అమెరికా చెట్లను ఇక్కడ నాటించాడంటారు. ఆ బెంగ తెలిస్తే ఈ చోటు మరింత దగ్గరవుతుంది. పైగా గాలి ఆగినప్పుడు నీళ్లలో తలకిందులుగా కనిపించే పాప్ ఆఫ్ గ్లెన్‌కో శిఖరం ఎవరూ కట్టింది కాదు కదా! కాకపోతే వేసవిలో సరిగ్గా ఆ వేళకే మిడ్జ్‌లనే కుట్టే నుసుములు ముసురుతాయి. పెద్దవాళ్లకు నిండు చేతుల చొక్కాలు, వానకోట్లు మరిచిపోకండి.