సమ ఉజ్జీ

ఆట యన్నపుడు గెలుపు, ఓటమి తప్పవు. కాని గెలుచునది యెవరో, ఓడునది యెవరో ముందుగనే తెలిసిపోయినచో అది ఆట యనిపించుకొనదు. ఏనుగునకును ఎలుకకును పందెము పెట్టి, ఏనుగు గెలిచినదని చప్పట్లు కొట్టువారుండరు. కావున పోటీ నడుపువారి మొదటి పని మైదానమున సున్నపు గీతలు గీయుట కాదు, బహుమతులు కొనుటయు కాదు. సమానుల కెదురుగా సమానులను నిలుపుటయే వారి మొదటి పని. ఇట్టి జోడునే మనవారు సమ ఉజ్జీ యందురు.

బాలబాలికలారా! ఈ విద్య మీకు క్రొత్తది కాదు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు కృష్ణాతీరపు మెట్టసీమకు చెందినవి. అచట కంచికచర్ల మండలమున చెవిటికల్లు అను గ్రామమున్నది. ఆ గ్రామమునందే కాదు, తెలుగునాట ఏ యూర నైనను పిల్లలు చెడుగుడు ఆడుటకు ముందు ఉజ్జీలు కట్టుట కలదు. ఇద్దరు నాయకులు ఒక ప్రక్క నిలుచుందురు. ఎత్తునను బలమునను సరితూగు ఇద్దరు పిల్లలు భుజముల మీద చేతులు వేసికొని దూరముగా పోయి, రహస్యముగా చెరియొక పేరు పెట్టుకొందురు. తిరిగి వచ్చి “మామిడిపండు కావలెనా? జామపండు కావలెనా?” అని ఒక నాయకుని అడుగుదురు. అతడు కోరినవాడు అతని జట్టులోనికి, రెండవవాడు ఎదుటి జట్టులోనికి పోవును. తరువాతి జంటను రెండవ నాయకుడు కోరును.

ఈ యేర్పాటులోని న్యాయమును గమనింపుడు. ఏ పేరు ఎవనిదో నాయకునకు తెలియదు. కనుక అతడు పక్షపాతము చూప నేరడు. జంటలోనివారు సరిసమానులు, కనుక ఎవడు ఏ ప్రక్కకు పోయినను నష్టము లేదు. బలవంతుడొకడు బలహీనునితో జత కట్టి వచ్చినచో, చుట్టునున్న పిల్లలే “ఇది ఉజ్జీ కాదు” అని త్రోసిపుచ్చెదరు. పంతులు లేకయే, పుస్తకము లేకయే పిల్లలు నేర్చిన న్యాయశాస్త్రమిది.

పెద్దలును ఇట్టి ఉపాయమునే ఎరుగుదురు. కృష్ణా, గుంటూరు సీమలలో సంక్రాంతికిని తిరునాళ్ళకును ఒంగోలు జాతి ఎడ్లచే బండలు లాగించు పందెములు జరుగుచుండును. వానిలో అన్ని జతలను ఒక్కచోట దింపరు. పాలపండ్ల జతలు వేరు. రెండు పండ్లవి వేరు. నాలుగు పండ్లవి వేరు. ఆరు పండ్లవి వేరు. ఎద్దునకు ముందుపండ్లు క్రింది దవడకు మాత్రమే యుండును. అవి ఎనిమిది. పాలపండ్లు రెండేసి చొప్పున ఊడి, వాని స్థానమున పెద్ద పండ్లు వచ్చుచుండును. కావున నోరు తెరచి చూచిన వయస్సు తెలియును. ఎడ్లను కొట్టుట, పొడుచుట తప్పే. ఆ విషయమున రాజీ లేదు. కాని విభాగమునకు ఎన్నుకొన్న గురుతు మాత్రము మెచ్చదగినది. అది యెల్లరకు కనబడును. యజమాని మాటతో మారదు.

మనుష్యుల పోటీలలో ఈ గురుతు కొన్నియెడల వయస్సు, కొన్నియెడల బరువు. దేశమందలి పాఠశాలల క్రీడలలో 14, 17, 19 ఏండ్ల లోపువారికి వేర్వేరు విభాగములు కలవు. బరువుల నెత్తుట, కుస్తీ మొదలగు వానిలో దేహపు బరువే ప్రధానము. 1896లో ఏథెన్సు నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో కుస్తీకి బరువు తరగతులు లేవు. ఎవరైనను ఎవరితోనైనను తలపడవచ్చును. ఆ పోటీని గెలిచినవాడు పొట్టి యైన జర్మను వీరుడు కార్ల్ షూమన్! నేర్పు ఒక్కొక్కసారి దేహబలమును మించునని దీని వలన తెలియును. కాని ఒక్కసారి జరిగినది నియమము కాజాలదు. 1904 ఒలింపిక్ క్రీడల నాటికి కుస్తీలో బరువు తరగతు లేర్పడెను.

ఈ తరగతుల విలువ తెలిసికొనుటకు మన శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి చరిత్ర చాలును. 2000 సంవత్సరమున సిడ్నీలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఆమె 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము పొందెను. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆ తరగతిలో మొదటి ఇద్దరును ఎత్తినది 242.5 కిలోలు. భేదము రెండున్నర కిలోలు మాత్రమే! అదే క్రీడలలో అందరికన్న బరువైన స్త్రీల తరగతిని గెలిచిన చైనా వనిత డింగ్ మెయ్యువాన్ ఎత్తినది 300 కిలోలు. తరగతులే లేకున్నచో మల్లీశ్వరి శ్రమకు పతకమెక్కడిది? అరువది కిలోల భేదమున్నచోట పోటీ లేదు; రెండున్నర కిలోల భేదమున్నచోట ఊపిరి బిగబట్టి చూడదగిన పోటీ కలదు.

ఇక జట్ల సంగతి. సంక్రాంతి మూడు దినములలో చెవిటికల్లు వంటి గ్రామమున వాలీబాలు పోటీ పెట్టినారనుకొందము. చుట్టుపట్ల గ్రామముల నుండి 16 జట్లు వచ్చినవి. ప్రతి జట్టును తక్కిన అన్నింటితో ఆడవలెనన్న 120 ఆటలగును; మూడు దినములు చాలవు. ఓడిన జట్టు ఇంటికి పోవలెనన్నచో 15 ఆటలతో ముగియును. కాని 8 జట్లు ఒక్కొక్క ఆటతోనే మూట కట్టుకొనవలెను. నాలుగేసి జట్ల చొప్పున నాలుగు గుంపులు చేసినచో గుంపునకు 6 వంతున 24 ఆటలగును. ప్రతి జట్టునకు మూడేసి ఆటలు దొరకును. రోజునకు ఎనిమిది ఆటలతో పని నెరవేరును.

ఈ గుంపులు చేయుటకు రెండు పద్ధతులు కలవు. జట్ల బలములలో భేదము కొంచెమే యైనచో, మేటి నాలుగు జట్లను గుంపున కొకటిగా పంచి, తక్కిన వానిని చీట్లు తీసి చేర్పవలెను. లేనిచో మేటి జట్లు తొలినాడే ఒకదానినొకటి పడగొట్టుకొనును. బలములలో భేదము మెండైనచో, బలమైన నాలుగింటిని మొదటి తరగతిగను, వాని తరువాతి నాలుగింటిని రెండవ తరగతిగను, ఇట్లు వరుసగా అమర్చి, ప్రతి తరగతిలోను విజేతను ప్రకటింపవలెను. అమెరికాలో సాఫ్ట్‌బాల్ ఆడు ఔత్సాహికులు జట్లను ఏ, బీ, సీ, డీ అని శ్రేణులుగా విభజించుకొనుట ఈ రెండవ పద్ధతియే.

బలమును నిర్ణయించునది పేరు ప్రతిష్ఠలు కావు, వెనుకటి ఆటల ఫలితములు. ఊరు పెద్దదని గాని, జట్టు నాయకుడు ధనికుడని గాని, ఫలానా పేటవారని గాని, ఫలానా కులమువారని గాని ఏ జట్టును పైకెత్తుటయు క్రిందికి దింపుటయు అన్యాయము. క్రొత్త జట్టు వచ్చినచో ఒకటి రెండు ఆటలు ఆడించి చూచి, తగిన తరగతిలో చేర్పవలెను. చీట్లను అందరి యెదుట చిన్న పిల్లవానిచే తీయింపవలెను. ఆటగాండ్ర పట్టికను ముందుగనే తీసికొని, నడుమ పట్టణము నుండి అరువు ఆటగాని తెచ్చుటకు తావీయరాదు. నియమము లాటకు ముందే చదివి వినిపింపవలెను. పోటీ నడుపు గ్రామమునకును అవియే వర్తింపవలెను.

తరగతి యనునది చెరసాల కాదు, మెట్టు. 1888లో ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ లీగు 12 జట్లతో ఆరంభమయ్యెను. 1892లో రెండవ తరగతి చేర్పబడెను. క్రింది తరగతిలో రాణించిన జట్టు పైకి పోవుటయు, పై తరగతిలో వెనుకబడిన జట్టు క్రిందికి దిగుటయు అచట వాడుకయైనది. గొప్పవారితో ఆడిననే గాని ఆట పెరుగదని కొందరందురు. నిజమే! అందుకే పైకి పోవు దారి ఎప్పుడును తెరచి యుంచవలెను.

ఎంత చక్కని విభాగమునైనను చెరుపగల దోషమొకటి కలదు. అది కపటము. పదునెనిమిది ఏండ్లవాడు పదునాలుగేండ్ల వాడనని కాగితము తెచ్చును. బలమైన జట్టు తన బలము దాచి క్రింది తరగతిలో చేరి కప్పు పట్టుకొని పోవును. వయస్సు దాచువారిని పట్టుటకు మణికట్టు ఎముకలను ఎక్స్‌రే తీయుట కూడ నేడు వాడుకలో నున్నది. ఎద్దు తన పండ్లను దాచుకొనదు; మనుష్యుడు వయస్సును దాచుకొనుచున్నాడు! అట్లు గెలిచిన కప్పు ఇత్తడి ముక్క మాత్రమే. ఆ గెలుపు వలన నష్టపోయినది మాత్రము పెద్దది. ఒకసారి చిత్తుగా ఓడి నవ్వులపాలైన చిన్న పల్లె పిల్లలు మరుసటి ఏడు మైదానమునకు రారు. అడుగుపెట్టీ పెట్టక ముందే అవమానమెదురైన బాలిక మరల బంతి ముట్టదు. జట్లు తగ్గిన కొలది పోటీయే అంతరించును. చివరకు గెలుచుటకైనను ఎదుట ఎవరును మిగులరు.

కావున ఎదుటివాడు శత్రువు కాడు. అతడు లేనిదే మన ఆట లేదు. మీ జట్టు చిత్తుగా గెలిచిన దినమున సంతోషించుటతో నిలువక, “ఇది ఉజ్జీ యేనా?” అని కూడ ప్రశ్నించుకొనుడు. ఆ ప్రశ్న వేసికొను అలవాటు మైదానమునందే కాక, రేపు మీరు పంచాయతీలలోను కార్యాలయములలోను పదిమందికి పంచి పెట్టవలసి వచ్చినపుడును మీకు తోడుపడును.

ప్రశ్నలు

1. ఉజ్జీలు కట్టు పద్ధతిలో పక్షపాతమునకు తావు లేకపోవుటకు కారణమేమి?
2. ఎడ్ల పందెములలో విభాగమునకు ఎన్నుకొన్న గురుతు ఏది? అది ఏల మెచ్చదగినది?
3. మల్లీశ్వరి వృత్తాంతము వలన బరువు తరగతుల ప్రయోజనము ఎట్లు తెలియుచున్నది?
4. మీ పాఠశాలలో 8 జట్లకు పోటీ పెట్టవలసి వచ్చినచో గుంపుల నెట్లు ఏర్పరచెదరు? ఎన్ని ఆటలగునో లెక్క కట్టి చూపుడు.