ఆటగాండ్రకు వేసిన తాళము

విద్యార్థులారా! సమ్మె యనగా నేమియో మీరెరుగుదురు. తమ కోరికలు నెరవేరువరకు పనివారు పని మానుట సమ్మె. యజమానియే ద్వారములు మూసి, పనివారిని లోనికి రానీయక, జీతములు నిలిపివేయుట లాకౌటు. జనపనార మిల్లులున్న మన ఉత్తర కోస్తా గ్రామములలో ఈ మాటకు అర్థము చెప్పవలసిన పనిలేదు. అయితే ఆటస్థలమునకు సైతము తాళము పడునా? పడును. అట్టి వివాదమొకటి అమెరికా న్యాయస్థానములలో ఎట్లు విచారింపబడెనో ఈ పాఠమున తెలిసికొందము.

1. వివాదకారణము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేషనల్ ఫుట్‌బాల్ లీగు అను సంస్థ కలదు. అచ్చటి ఫుట్‌బాలు మన పాఠశాలలో ఆడు బంతియాట వంటిది కాదు. అందు బంతిని చేతబట్టి పరుగెత్తుదురు, ఒకరినొకరు పడద్రోయుదురు. 2011వ సంవత్సరము నాటికి ఈ లీగునందు 32 జట్లుండెను. ఏటి రాబడి సుమారు 900 కోట్ల డాలర్లు. ఈ రాబడిలో ఎవరి పాలు ఎంత యనునదియే తగవునకు మూలము. 2006 నాటి ఒడంబడిక తమకు గిట్టదని యజమానులు 2008లోనే దానిని ముందుగా ముగించుటకు నిశ్చయించిరి. పంపకమునకు ముందే తమ ఖర్చులకై మరికొంత ధనము తీసికొందుమనియు, ఏటికి 16 ఆటలకు మారుగా 18 ఆటలు ఉండవలెననియు కోరిరి. ఆటగాండ్రు లెక్కలు చూపుడని అడిగిరి. ఆటలు పెరిగిన దెబ్బలును పెరుగునని వాదించిరి.

2. టెలివిజను సొమ్ము

ఆటలు జరుగకున్నను తమకు సొమ్ము ముట్టునట్లు యజమానులు టెలివిజను కంపెనీలతో ముందే ఏర్పాటు చేసికొనిరి. ఆ మొత్తము 400 కోట్ల డాలర్లకు పైబడినది. ఇరుపక్షముల మేలుకొరకు చేయవలసిన బేరమును తమ మేలుకే చేసికొనిరని న్యాయాధిపతి డేవిడ్ డోటీ 2011 మార్చి 1వ తేదీన తీర్పు చెప్పెను.

3. సంఘమును విడుచుట

వర్తకులు ఏకమై వ్యాపారమును అన్యాయముగా అడ్డగింపరాదని 1890 నాటి షెర్మన్ చట్టము శాసించుచున్నది. అయినను, యజమానులు కార్మిక సంఘముతో బేరమాడు సందర్భమున ఈ చట్టము వర్తింపదని 1996లో సుప్రీము కోర్టు తీర్మానించెను. కనుక సంఘము ఉన్నంతకాలము ఆటగాండ్రకు ఆ మార్గము మూసియున్నట్లే. అందుచేత 2011 మార్చి 11వ తేదీన సంఘము తన ప్రాతినిధ్యమును తానే వదలుకొనెను. టామ్ బ్రేడీ, డ్రూ బ్రీస్, పేటన్ మానింగ్ మొదలగు పదుగురు మిన్నెసోటాలో దావా వేసిరి. మరునాడే యజమానులు తాళము వేసిరి.

4. రెండు న్యాయస్థానములు, రెండు మాటలు

ఏప్రిల్ 25వ తేదీన న్యాయాధిపతి సూసన్ నెల్సన్ లాకౌటును నిలుపుడని ఉత్తరువిచ్చెను. యజమానులు పై న్యాయస్థానమునకు పోయిరి. జూలై 8వ తేదీన ముగ్గురు న్యాయాధిపతులలో ఇద్దరు ఆ ఉత్తరువును రద్దుచేసిరి.

దీని కారణము శ్రద్ధగా గ్రహింపదగినది. పూర్వము అమెరికాలో కోర్టులు నిషేధాజ్ఞలిచ్చి సమ్మెలను అణచుచుండెను. ఆ అధికారమును తగ్గించుటకు 1932లో నారిస్-లాగార్డియా చట్టము చేయబడెను. పనిసంబంధమున నిలిచియుండ నిరాకరించువారిపై నిషేధాజ్ఞ ఇయ్యరాదని అందున్నది. అట్లు నిరాకరించుట యజమానికిని చెల్లునని ఆ ఇద్దరును చెప్పిరి. సంఘము లేకపోయిన పిమ్మట ఈ చట్టమునకు తావులేదని మూడవవాడగు కెర్మిట్ బై భిన్నాభిప్రాయము వ్రాసెను. కార్మికునికి డాలుగా చేసిన చట్టము యజమానికి డాలాయెను. చట్టము చేసినవారి ఉద్దేశము ఒకటి, చట్టములోని మాట వేరొకటి అయినప్పుడు దేనిని అనుసరింపవలెను? ఈ ప్రశ్నకు సులభమైన జవాబు లేదు.

మరియొకటి గమనింపుడు. లాకౌటు న్యాయమైనదని ఆ కోర్టు చెప్పలేదు. దానిని నిషేధాజ్ఞతో ఆపరాదని మాత్రమే చెప్పెను. ఈ రెంటికిని భేదము కలదు.

5. సమాధానము

తుదకు తాళము తీసినది తీర్పు కాదు, రాజీ. జూలై 25వ తేదీన పదేండ్ల ఒడంబడికకు ఇరువురును సమ్మతించిరి. ఆటగాండ్రకు రాబడిలో సగమునకు కొంచెము తక్కువ పాలు దక్కెను. క్రొత్తగా చేరువారి జీతములు తగ్గెను. ఆటలు 16గానే నిలిచెను. సంఘము మరల ఏర్పడెను. ఆగిపోయినది కాంటన్ పట్టణమున జరుగవలసిన ఒక్క ప్రదర్శనపు ఆట మాత్రమే.

అయితే ఆటస్థలమును ఊడ్చువారు, తినుబండారములు అమ్ముకొనువారు, ద్వారమున చీట్లు చూచువారు సైతము ఆటలపైననే బ్రదుకుదురు. ఆ దావాలో వారు వాదులును కారు, ప్రతివాదులును కారు. ఏనుగులు పోరాడిన నలిగిపోవునది గడ్డియే గదా! ద్రాక్షతోట యజమాని ఉపమానమును మనము సండే స్కూలులో చదివితిమి. సంతవీధిలో పొద్దుగూకువరకు పనికై నిలిచియుండినవారిని సైతము అతడు మరువలేదు. ఇరుపక్షములు రాజీపడు బల్లయొద్ద అట్టివారిని తలంచువారు ఒక్కరైనను ఉండవలెను.

ప్రశ్నలు: 1. సమ్మెకును లాకౌటుకును భేదమేమి? 2. ఆటగాండ్రు తమ సంఘమును ఏల వదలుకొనిరి? 3. మీరే న్యాయాధిపతులైన 1932 నాటి చట్టమునకు ఏ అర్థము చెప్పుదురు? కారణములతో వ్రాయుడు.