బల్ల మీద గ్రహాంతర యుద్ధం

షేక్‌పేట గుట్టల్లో ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న గుండ్రాళ్ళను చూశారా? సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు! అలాంటి చోటును బల్ల మీద అమర్చి, బొమ్మ సైనికులతో గ్రహాంతర యుద్ధం ఆడుకోవచ్చు. అంగారకవాసుల దండయాత్రను 1898లో నవలగా వెలువరించిన హెచ్.జి. వెల్సే, 1913లో బొమ్మల యుద్ధానికి నియమాలూ రాశాడు.

ముందు స్కేలు చూసుకోండి. 168 సెం.మీ. మనిషికి 2.8 సెం.మీ. మట్టిబొమ్మ చేస్తే 60వ వంతు. అప్పుడు 3 మీటర్ల బండకు 5 సెం.మీ. రాయి చాలు. కాల్చేముందు మీ కన్ను బొమ్మ ఎత్తుకు దించి చూడండి. బండ చాటున శత్రువు కనబడకపోతే కాల్పు లేదు. కనబడితే పాచిక వేయండి: 4 గాని, ఆపైన గాని పడితే తగిలినట్టే.

మీ గ్రహం మీద గురుత్వాకర్షణ, చంద్రుడి మీదిలా, ఆరో వంతే అనుకుందాం. ఇక్కడ అర మీటరు ఎగిరేవాడు అక్కడ 3 మీటర్లు ఎగురుతాడు (బరువైన అంతరిక్ష దుస్తుల సంగతి పక్కన పెడదాం). మరి ఆ బండ శత్రువును దాచగలదా?