బీఏ చదువుకు అప్పు: ముందుగా ఈఎంఐ లెక్క



"అమ్మాయి ప్రైవేటు యూనివర్సిటీలో లిబరల్ ఆర్ట్స్ చదువుతానంటోంది. లోన్ తీసుకోవచ్చా?" అని కొందరు అడుగుతున్నారు. కోర్సు మంచిదే, చూడాల్సింది అప్పు.

ఏడాదికి 4 లక్షల చొప్పున మూడేళ్లకు 12 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. చదివే మూడేళ్లూ, ఆపైన సాధారణంగా ఇంకో ఏడాదీ వాయిదాలుండవు. వడ్డీ మాత్రం ఆగదు. బారువడ్డీ వేసుకున్నా 3.6 లక్షలు చేరి, అప్పు 15.6 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 20,600. తొలి జీతం 30,000 అయితే మిగిలేది 9,400. ఊరు కాని ఊళ్లో హాస్టల్‌కే సరిపోదు! చదువుతుండగానే మీరు వడ్డీ కట్టేస్తూ వస్తే ఈఎంఐ 15,900 లోపే.

సీయూఈటీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏలో చేరితే అసలు ఇంత అప్పే అక్కర్లేదు. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే దరఖాస్తు చేయించండి.